ఆసక్తిగలవారి జాబితా

టెక్సస్ ప్రభుత్వం దగ్గర ఒక జాబితా ఉంది. దాన్ని వాళ్ళు 'ఇంటరెస్ట్ లిస్టు' అంటారు. తెలుగులో చెప్పుకోవాలంటే ఆసక్తిగలవారి జాబితా. ఆ మాట మొదటిసారి వింటే ఏ సంగీత కచేరీకో, ఈత తరగతులకో పేరిచ్చినవాళ్ళ పట్టిక కాబోలు అనుకుంటాం. ఎదుగుదలలో వైకల్యం ఉన్న పిల్లలకీ పెద్దలకీ ఇంటి దగ్గరే సహాయం అందించే పథకాలు కొన్ని ఉన్నాయి. వాటి కోసం ఎదురుచూస్తున్నవాళ్ళ పేర్లు అందులో ఉంటాయి. ఆ పథకాలలో ఒకటైన హెచ్‌సీఎస్ కోసమే లక్షకి పైగా పేర్లున్నాయి. పేరు వేయించుకున్నాక వంతు రావడానికి పదేళ్ళు దాటడం మామూలు విషయం.

నేను విమర్శకుణ్ణి కాను. చదివింది ఇంజనీరింగు, చేసేది సాఫ్ట్‌వేరు ఉద్యోగం. కాకపోతే ఇలాంటి వార్షిక సంచికల్లో పుస్తకాల మీద విమర్శలు చదివీ చదివీ ఒక సంగతి నేర్చుకున్నాను. రచయిత ఏ మాట వాడాడో చూడాలి, ఏ మాట వాడకుండా తప్పుకున్నాడో కూడా చూడాలి. ఆ పద్ధతిలో ప్రభుత్వం వారి కాగితాలని చదివితే ఎలా ఉంటుందో చూద్దామని ఈ ప్రయత్నం. 'వెయిటింగ్ లిస్టు' అన్న మాటలో, ఇవ్వవలసింది ఇంకా ఇవ్వలేదన్న ఒప్పుకోలు ఉంది. 'ఇంటరెస్ట్ లిస్టు'లో ఆ ఒప్పుకోలు లేదు. మీకు ఆసక్తి ఉందన్నారు, రాసుకున్నాం, అంతే. ఊరినిండా అప్పులు చేసినవాడు, అప్పులవాళ్ళ పేర్లు రాసుకున్న పుస్తకం మీద 'నా మిత్రులు' అని రాసుకున్నట్టుంది ఈ వ్యవహారం.

ఈ వ్యాసంలో నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే. ఆటిజం ఉన్నవాళ్ళకి ఈ దేశంలో సహాయం లేకపోలేదు. అయితే మా రాష్ట్రంలో అది అడిగినవాళ్ళకే, అదీ వేళకి అడిగినవాళ్ళకే దక్కేలా ఏర్పాటై ఉంది. అడగందే అమ్మైనా పెట్టదని మన సామెత. మాటలు రాని పిల్లవాడు ఎలా అడుగుతాడు? వాడి తరఫున అడగవలసిన మనమేమో నలుగురికీ తెలుస్తుందని నోరు మూసుకుంటాం. ప్రభుత్వం పద్ధతీ మన మౌనమూ ఒకదానికొకటి అతికినట్టు సరిపోయాయి. కాబట్టి ఈ విమర్శలో సగం వాళ్ళకి, సగం మనకి. మనలో మొదటివాణ్ణి నేనే కనుక నా సంగతితోనే మొదలుపెడతాను.

*

మావాడు 2010లో కాలిఫోర్నియాలో, ఫ్రీమాంట్‌లో పుట్టాడు. రెండేళ్ళు దాటినా మాటలు రాలేదు. పిలిస్తే తిరిగి చూడడు. బొమ్మకారు ఇస్తే దాన్ని తిరగేసి చక్రాలు తిప్పుతూ గంటలు గంటలు గడిపేవాడు. గుంటూరు నుంచి మా అమ్మ ఫోనులో, "మీ నాన్నకి అయిదేళ్ళకి గానీ మాటలు రాలేదురా. మగపిల్లలకి ఆలస్యమే. నువ్వు ఊరికే బెంగపెట్టుకోకు" అనేది. 2013లో డాక్టరు ఆటిజం అని కాగితం మీద రాసిచ్చేదాకా మేమూ ఆ మాటనే పట్టుకుని వేలాడాం.

కాగితం వచ్చిన తరవాత మేం పెద్దగా తిరిగింది లేదు. కాలిఫోర్నియాలో 1969 నుంచీ లాంటర్‌మన్ చట్టం అని ఒకటి ఉంది. ఎదుగుదల వైకల్యం ఉన్నవాళ్ళకి కావలసిన సేవలు అందించడం రాష్ట్రం బాధ్యత అని అది చెబుతుంది. రాష్ట్రాన్ని 21 ప్రాంతీయ కేంద్రాల కింద పంచారు. మా పిల్లల డాక్టరే మా ప్రాంతం కేంద్రానికి కాగితం పంపింది. కొన్నాళ్ళకి ఒకావిడ ఫైలు పట్టుకుని మా అపార్టుమెంటుకి వచ్చింది. చెప్పులు గుమ్మం బయట విడిచి, మావాడి పక్కన కార్పెట్ మీద కూర్చుని, వాడితోపాటు చక్రాలు తిప్పింది. ఆవిడ మా కేసు చూసే సమన్వయకర్త అన్నమాట. అక్కడా లోపాలుంటాయి, ఆలస్యాలుంటాయి, జగడాలుంటాయి. కానీ అర్హత తేలినవాణ్ణి పదిహేనేళ్ళు వరసలో నిలబెట్టడం ఉండదు.

2014లో ఫ్రిస్కో వచ్చేశాం. టయోటా కంపెనీ కాలిఫోర్నియా నుంచి ఇక్కడి ప్లేనోకి తరలి వస్తున్నట్టు ప్రకటించింది ఆ ఏడే. మా ఆఫీసులో భోజనాల దగ్గర ఎప్పుడు చూసినా టెక్సస్ మాటే. రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు. అక్కడి రెండు పడగ్గదుల అద్దెతో ఇక్కడ నాలుగు పడగ్గదుల సొంత ఇల్లు, వెనకాల పెరడు. 2000 జనాభా లెక్కల్లో ఫ్రిస్కోలో ఉన్నది 33,714 మంది. 2020 నాటికి 2,00,509 మంది. ఆ పెరుగుదలలో మా నలుగురమూ ఉన్నాం. బయల్దేరే ముందు నేనొక ఎక్సెల్ షీటు తయారుచేశాను. ఇంటి ధర, పన్ను, బడి రేటింగు, గుడికి దూరం, ఇండియన్ కిరాణాకొట్టుకి దూరం, అన్నీ వరసలుగా రాసుకున్నాను. మావాడికి అందే సేవలు అన్న వరస మాత్రం ఆ షీటులో లేదు. అమెరికా అంతా ఒకటే కదా, ఇక్కడున్నది అక్కడా ఉంటుందనుకున్నాను. ఆ షీటు ఇంకా నా పాత లాప్‌టాప్‌లో ఉంది.

మేం రాష్ట్రం దాటగానే అక్కడ ఫైలు మూసేశారు. ఇక్కడ ఫైలు తెరిచేవాళ్ళు లేరు. తెరవమని అడగాలని మాకు తెలియదు. బడిలో చేర్పించాం, ఇన్సూరెన్సు మీద స్పీచ్ థెరపీకి తిప్పాం, మా ఆవిడ ఉద్యోగం మానేసింది. అయిదేళ్ళలో ఎంతమంది డాక్టర్లనీ థెరపిస్టులనీ కలిశామో లెక్కలేదు. ఒక్కరూ ఆ జాబితా పేరెత్తలేదు. వాళ్ళని అని ఏం లాభం? చెప్పవలసిన బాధ్యత వాళ్ళలో ఎవరిదీ కాదు.

2019లో ఒక శనివారం కార్యసిద్ధి హనుమాన్ గుడికి వెళ్ళాం. హారతి గంటలకి మావాడు తట్టుకోలేక చెవులు మూసుకుని పార్కింగులోకి పరిగెత్తి, కారు పక్కన నేలమీద కూర్చుండిపోయాడు. నేనూ పక్కనే కూర్చున్నాను. ఒకావిడ వచ్చి, పులిహోర ప్రసాదం మా పక్కన పెట్టి, కాసేపు నిలబడి, "అన్నయ్యగారూ, బాబు పేరు లిస్టులో వేయించారా?" అని అడిగింది.

"ఏ లిస్టండీ?" అన్నాను.

"అయ్యో" అంది ఆవిడ. తరవాత నెమ్మదిగా, "మా అమ్మాయికి మూడో ఏట వేయించామండీ. ఇప్పుడు పదకొండు. ఇంకా పిలుపు రాలేదు. మీరు రేపు సోమవారమే ఫోను చెయ్యండి" అంది.

సోమవారం ఫోను చేశాను. నా జీతం ఎంతని అడగలేదు. అరగంట కూడా పట్టలేదు. 2014లోనే చేసి ఉండవలసిన ఫోను అది. మావాడికిప్పుడు పదిహేనేళ్ళు దాటాయి. ఆ రోజు ఆ పార్కింగులో గంటలు తక్కువ మోగి ఉంటే ఇంకెన్నాళ్ళకి తెలిసేదో!

*

ఇంత వరస ఎందుకు ఏర్పడిందో తెలుసుకోవాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి. 1965లో మొదలైన మెడికెయిడ్, దీర్ఘకాల సంరక్షణ కోసం చాలావరకు ఆసుపత్రిలోనో సంస్థలోనో ఉన్నవాళ్ళకే డబ్బు ఇచ్చేది. 1981లో అయోవా రాష్ట్రంలో కేటీ బెకెట్ అనే చిన్నపిల్ల సంగతి బయటికొచ్చింది. ఇంటికి తీసుకెళితే ఖర్చు తక్కువ, అయినా ఇంటికి వెళితే మెడికెయిడ్ రాదు, అందుకని ఆ పిల్ల ఆసుపత్రిలోనే ఉండిపోయింది. అధ్యక్షుడు రేగన్ ఆ సంగతి దేశం ముందు ఎత్తి చూపాడు. అదే ఏడాది వచ్చిన చట్టంతో, రాష్ట్రాలు కావాలనుకుంటే కేంద్రం అనుమతితో ఇంటి దగ్గర సేవలకీ ఆ డబ్బు వాడుకోవచ్చునన్నారు. ఆ ఏర్పాటు పేరు 'వెయివర్', అంటే మినహాయింపు.

ఇక్కడ కూడా మాట చూడండి. మినహాయింపు అన్నాక అసలు నియమం వేరే ఉండాలి కదా. నియమం సంస్థ, మినహాయింపు ఇల్లు. అర్హత ఉన్నవాడికి సంస్థలో సంరక్షణ పొందడం మెడికెయిడ్ ప్రకారం హక్కు. ఇంట్లో అమ్మానాన్నల దగ్గర ఉంటూ సహాయం పొందడానికి మాత్రం రాష్ట్రం ఎన్ని స్థానాలకి డబ్బు కేటాయిస్తే అన్నే. మా ఊరి నుంచి గంటలోపు ప్రయాణంలో, డెంటన్‌లో, అలాంటి ప్రభుత్వ సంస్థ ఒకటి 1960 నుంచీ ఉంది. రాష్ట్రం మొత్తం మీద అలాంటివి 13. సంఘంలో బతకగలిగినవాణ్ణి అనవసరంగా సంస్థలో ఉంచడం వివక్ష అని 1999లో ఓమ్‌స్టెడ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. చెప్పి పాతికేళ్ళు దాటింది. డబ్బు పారే కాలవ మాత్రం పాతదే.

టెక్సస్ శాసనసభ రెండేళ్ళకొకసారి, బేసి సంవత్సరాల్లో, 140 రోజులు సమావేశమవుతుంది. ఏయే పథకానికి ఎన్ని కొత్త స్థానాలో అప్పుడే తేలుతుంది. కోటి రూపాయల పెళ్ళికి కొబ్బరికాయ కొట్టినట్టు కొన్ని స్థానాలు పెంచుతారు, ఈలోగా వరస ఇంకా పెరుగుతుంది.

ప్రోగ్రామరు కళ్ళతో చూస్తే ఈ జాబితాలో లోపం వెంటనే కనిపిస్తుంది. వరసలో ఎవరి స్థానమైనా ఒక్క తేదీ మీదే ఆధారపడింది, పేరు ఇచ్చిన తేదీ. సంస్థలో చేరక తప్పని ప్రమాదం అంచున ఉన్నవాళ్ళకి కొన్ని స్థానాలు విడిగా ఉంచారు, నిజమే. మిగతా అందరికీ అవసరం ఎంతన్న ప్రశ్న లేదు. అర్హత ఉందా లేదా అన్నది కూడా వంతు వచ్చాకే చూస్తారు. ముందే విన్న తండ్రి మూడేళ్ళ పిల్ల పేరు రాయిస్తే, ఆలస్యంగా విన్న తండ్రి పదహారేళ్ళ కొడుకు కంటే ఆ పిల్ల ముందుంటుంది. మొదటి తండ్రికి ఇంగ్లీషు బాగా వచ్చి ఉండవచ్చు, ఇంటర్నెట్టులో వెతికే తీరిక ఉండవచ్చు. అంటే సమాచారం ఉన్నవాడికే మొదటి వడ్డన. మేం కోడు రాసేటప్పుడు ఇలాంటి క్యూ పెడితే డిజైన్ రివ్యూలోనే వెనక్కి పంపిస్తారు.

పైగా మా ఊరిది ఇంకో విచిత్రం. ఫ్రిస్కో సగం కాలిన్ కౌంటీలో, సగం డెంటన్ కౌంటీలో ఉంది. మీ ఇల్లు కాలిన్ వైపుంటే హెచ్‌సీఎస్ జాబితాలో పేరు కోసం లైఫ్‌పాత్ సిస్టమ్స్‌ని అడగాలి. డెంటన్ వైపుంటే డెంటన్ కౌంటీ ఎంహెచ్‌ఎంఆర్ సెంటర్‌ని అడగాలి. క్లాస్ అనే ఇంకో పథకానికి నేరుగా రాష్ట్ర ఆరోగ్య శాఖకే ఫోను చెయ్యాలి. ఒకచోట రాయిస్తే ఇంకోచోట రాసినట్టు కాదు. ఇల్లు మారితే మళ్ళీ చెప్పాలి, చెప్పకపోతే వాళ్ళు పంపే ఉత్తరం పాత ఇంటికి పోతుంది, పేరుకే ప్రమాదం. రాష్ట్రమే మారితే వరసలో చోటు పూర్తిగా పోతుంది. ఉద్యోగం కోసం మూడేళ్ళకో రాష్ట్రం మారే మనవాళ్ళకి ఈ ఒక్క నిబంధన చాలు.

మనలో చాలామంది చేసే పొరపాటు ఇంకోటి ఉంది. మనకి మంచి జీతాలున్నాయి, ఇవన్నీ పేదవాళ్ళ పథకాలు, మనకెందుకులే అనుకుంటాం. ఎస్‌ఎస్‌ఐ అనే నెలసరి భృతికి పద్ధెనిమిదేళ్ళు నిండేదాకా తల్లిదండ్రుల ఆదాయం చూస్తారు, అది నిజం. హెచ్‌సీఎస్, క్లాస్ వంటి వాటికి మాత్రం పిల్లవాడి ఆదాయమే చూస్తారు గానీ మనది చూడరు. ఈ సంగతి తెలియక వదులుకున్న కుటుంబాలు నాకు తెలిసినవే అయిదారున్నాయి.

*

బడి సంగతికొస్తే మనకున్న హక్కుల్లో గట్టివి అక్కడే ఉన్నాయి. వైకల్యం ఉన్న ప్రతి పిల్లవాడికీ ఉచితంగా, తగిన విద్య అందించాలని 1975లో కేంద్ర చట్టం వచ్చింది. 1990లో ఆటిజం పేరు అందులో చేరింది. వీసా ఏదన్న ప్రశ్న బడి దగ్గర లేదు. కాగితాల్లేని పిల్లలకి కూడా బడి తలుపు మూయరాదని 1982లో సుప్రీంకోర్టు చెప్పిన కేసు మన టెక్సస్‌లోని టైలర్ ఊరిదే. తల్లిదండ్రులకి ఇంగ్లీషు రాకపోతే సమావేశంలో దుబాసీని పెట్టాలి. ఆటిజం ఉన్న పిల్లల ప్రణాళికలో 11 అంశాలు పరిశీలించాలని టెక్సస్ నిబంధన చెబుతుంది. ఇంటి దగ్గర శిక్షణ, తల్లిదండ్రులకి శిక్షణ, సెలవుల్లో తరగతులు, పెద్దయ్యాక ఏం చేస్తాడన్న ఆలోచన, ఇవన్నీ అందులో ఉన్నాయి. నాలుగేళ్ళపాటు నేను ఆ సమావేశాలకి వెళ్ళి, పెళ్ళిలో సాక్షిసంతకం పెట్టినట్టు సంతకం పెట్టి, థాంక్యూ చెప్పి వచ్చేశాను. అడగవచ్చని తెలియదు, అడిగితే మాస్టర్లకి కోపం వస్తుందేమోనని భయం కూడా.

అడగనివాళ్ళ మీద ఈ రాష్ట్రం ఎంత ఆదా చేసిందో బయటపడిన ఉదంతం ఒకటుంది. 2004లో టెక్సస్ విద్యాశాఖ ఒక కొలత పెట్టింది. జిల్లాలోని విద్యార్థులలో 8.5 శాతానికి మించి ప్రత్యేక విద్యలో ఉంటే ఆ జిల్లాకి మార్కులు తగ్గుతాయి. అప్పటికి దేశపు సగటు 13 శాతం దగ్గర. ఎవరూ ఎవరికీ "లేదు" అని చెప్పలేదు. ఇంకా చూద్దాం, ముందు ఈ పద్ధతి ప్రయత్నిద్దాం, వాడికి ఇంగ్లీషు రెండో భాష కదా, ఇలాంటి మాటలతో వాయిదాలు పడ్డాయి. పదేళ్ళలో రాష్ట్రం సగటు సరిగ్గా ఆ 8.5 దగ్గరికి దిగింది. 2016లో హూస్టన్ క్రానికల్ పత్రిక దీన్ని బయటపెట్టింది. 2017లో అలాంటి పరిమితులని నిషేధిస్తూ చట్టం వచ్చింది. 2018 జనవరిలో కేంద్ర విద్యాశాఖ, టెక్సస్ చట్టాన్ని ఉల్లంఘించిందని తేల్చింది. ఈ మధ్యలో బడి దాటిపోయిన పిల్లలకి ఆ సంవత్సరాలు ఎవరు తిరిగిస్తారు?

2025లో వచ్చిన కొత్త చట్టం, వైకల్యం ఉన్న పిల్లలకి ప్రైవేటు బడి కోసం ఏడాదికి 30,000 డాలర్ల దాకా ఇస్తానంటోంది. మనవాళ్ళలో దీని మీద ఉత్సాహం కనిపిస్తోంది. పుచ్చుకునే ముందు ఒక్క మాట గుర్తుంచుకోవాలి. ప్రభుత్వ బడి మీద ఉన్న 1975 నాటి బాధ్యతలు ప్రైవేటు బడి మీద లేవు. మీవాణ్ణి చేర్చుకోను అంటే అనవచ్చు.

అడగడానికీ దొరకడానికీ ఉన్న సంబంధం అంకెల్లో కూడా కనిపిస్తుంది. ఎనిమిదేళ్ళ పిల్లలలో 31 మందిలో ఒకరికి ఆటిజం ఉన్నట్టు గుర్తించారని సీడీసీ 2025లో చెప్పింది. అదే నివేదికలో కాలిఫోర్నియాలో లెక్క తీసిన చోట 19 మందిలో ఒకరు, మన టెక్సస్‌లోని లరేడోలో 103 మందిలో ఒకరు. సరిహద్దు ఊరి నీళ్ళలో మహిమ ఏమీ లేదు. గుర్తించే డాక్టర్లు, పరీక్షించే ఏర్పాట్లు ఉన్నచోట పిల్లలు లెక్కలోకి వస్తారు. లేనిచోట, వాడంతే, మొండివాడు అనిపించుకుని పెరుగుతారు.

*

ఇప్పుడు మన సగం.

మన భాషలో ఇలాంటి పిల్లవాడికి ఏం పేరుంది? తిక్క, మొద్దు, మందబుద్ధి, పిచ్చిమాలోకం. ఇందులో ఏ మాటతో వాణ్ణి నలుగురికీ పరిచయం చేస్తాం? మాట లేకపోవడంతో మనిషినే దాచేస్తాం. పుట్టినరోజు పార్టీలకి ఒకరు ఇంట్లో ఉండి ఒకరు వెళతాం. అక్కకి సంబంధాలు చూడాలి, తమ్ముడి సంగతి ఇప్పుడెందుకంటారు. ఇంటి పక్కనే ఉన్న తెలుగు కుటుంబంలో అలాంటి బిడ్డ ఉందని మాకు మూడేళ్ళ తరవాత తెలిసింది, అదీ బడి బస్సు రెండిళ్ళ ముందూ ఆగడం వల్ల.

ఇండియా వెళ్ళిపోతే మావాళ్ళు చూసుకుంటారని అనుకునేవాళ్ళున్నారు. అక్కడా మార్పు వస్తోంది. 1995 చట్టంలో ఉన్న ఏడు వైకల్యాలలో ఆటిజం లేదు, 2016 చట్టంలోని 21లో ఉంది. సికింద్రాబాదు మనోవికాస్ నగర్‌లో 1984 నుంచీ జాతీయ సంస్థ నడుస్తోంది. ఆంధ్రప్రదేశ్‌లో వికలాంగుల పింఛను 2024లో 6,000 రూపాయలైంది. కానీ 'చూసుకునే మావాళ్ళ'కి డెబ్భై అయిదేళ్ళు. అది పథకం అనిపించుకోదు.

వీసా మీద ఉన్నవాళ్ళ బాధ ఇంకో రకం. వాళ్ళకి ఎస్‌ఎస్‌ఐ రాదు. ఏ సహాయం పుచ్చుకుంటే గ్రీన్ కార్డుకి ఏం అడ్డొస్తుందోనని హడలు. ఆ నిబంధన 2019 తరవాత రెండుసార్లు మారింది, మళ్ళీ మార్చాలని 2025లో ప్రతిపాదన వచ్చింది, కాబట్టి లాయరుని అడగవలసిందే. బడిలో అందే ప్రత్యేక విద్య మాత్రం ఆ లెక్కలోకి రాదు, దానికి భయపడవద్దు. అసలు గండం ఇరవై ఒకటో ఏట. హైదరాబాదులో పుట్టి నాలుగో ఏట వచ్చిన పిల్లవాడు, తండ్రి గ్రీన్ కార్డు వరస కదలక, ఇరవై ఒకటి నిండగానే హెచ్-4 కోల్పోతాడు. మామూలు పిల్లవాడైతే విద్యార్థి వీసాకి మారతాడు. తనంతట తాను స్నానం చెయ్యలేని కుర్రవాడు ఏ కాలేజీలో చేరతాడు? రెండు వరసల మధ్య నలిగే ఈ కుటుంబాల గురించి ఏ వైపు రాజకీయ నాయకుడూ మాట్లాడగా నేను వినలేదు.

ఇంకోటి మన ప్రేమ వల్ల వచ్చే చిక్కు. మా నాన్న మావాడి పేర గుంటూరు దగ్గర స్థలం రాస్తానన్నారు, పాపం వాడికి ఆధారం ఉండాలని. ఎస్‌ఎస్‌ఐకి ఒక మనిషి పేర ఉండదగిన ఆస్తి 2,000 డాలర్లు, 1989 నుంచీ అదే అంకె. తాత ప్రేమగా ఇచ్చిన స్థలమే మనవడి భృతికి అడ్డం కావచ్చు. దానికి ప్రత్యేక ట్రస్టులున్నాయి, 2014 చట్టంతో వచ్చిన ఏబుల్ ఖాతాలున్నాయి. నాన్నకి ఫోనులో ఇదంతా చెప్పడానికి రెండు ఆదివారాలు పట్టింది. "వాడి పేర ఏమీ ఉండకపోతేనే వాడికి మంచిదంటావు. ఇదేం దేశంరా" అన్నారు చివరికి.

*

ఇంతసేపూ తల్లిదండ్రుల గొడవే రాశాను. అది కూడా ఒక లోపమే. ఆటిజం ఉన్న పెద్దలు తమ గురించి తామే రాసుకుంటున్నారు. తమని చూసి ఏడవవద్దని జిమ్ సింక్లెయిర్ 1993లోనే తల్లిదండ్రులనుద్దేశించి వ్యాసం రాశారు. ఏబీఏ థెరపీకి ఇన్సూరెన్సు చెల్లించాలని మేం పోరాడతాం. టెక్సస్ మెడికెయిడ్ 2022 ఫిబ్రవరి నుంచి పిల్లలకి దానికి చెల్లిస్తోంది. పెద్దల్లో కొందరు అదే థెరపీని, తమని తాము కాకుండా చేసిన శిక్షణగా తలుచుకుంటారు. ఇద్దరి మాటా వినాలి. నేను వినడం ఆలస్యంగా మొదలుపెట్టాను.

పద్ధెనిమిది నిండగానే సంరక్షకత్వం కోసం కోర్టుకి వెళ్ళాలని మాకందరూ చెప్పారు. దానివల్ల మావాడి నిర్ణయాలన్నీ మా చేతికొస్తాయి. ఇంకో దారి ఉందని ఎవరూ చెప్పలేదు. తోడు ఉంచుకుని తన నిర్ణయాలు తానే తీసుకునే ఒప్పందాన్ని చట్టంగా గుర్తించిన మొదటి రాష్ట్రం మన టెక్ససే, 2015లో. ఈ రాష్ట్రాన్ని ఇంతసేపు తిట్టినవాణ్ణి, ఇందుకు మాత్రం చెయ్యెత్తి నమస్కరిస్తాను. అది మావాడికి సరిపోతుందో లేదో ఇంకా తేల్చుకోలేదు. కానీ తేల్చుకునేటప్పుడు వాణ్ణి కూడా గదిలో కూర్చోబెట్టుకుంటాం.

ఏం మారాలి? నాకు తోచినవి చెబుతాను. ఆటిజం అని డాక్టరు రాసిన రోజునే, వద్దంటే తప్ప, పిల్లవాడి పేరు అన్ని జాబితాలకీ దానంతటదే వెళ్ళాలి. ఫ్రీమాంట్‌లో డాక్టరు పంపిన ఆ ఒక్క కాగితమే ఇక్కడ కరువు. వరసలో తేదీతోపాటు అవసరం కూడా లెక్కకి రావాలి. రాష్ట్రం మారినవాడి ఎదురుచూపు కొత్త రాష్ట్రంలో కొంతైనా చెల్లాలి. సహాయకుల జీతాలు పెరగాలి. టెక్సస్ 2023 సెప్టెంబరు దాకా ఇలాంటి సేవల్లో పనిచేసే సహాయకులకి గంటకి 8.11 డాలర్ల మూలవేతనం లెక్కగట్టింది, అప్పుడు 10.60 చేసింది, 2025లో మళ్ళీ పెంచింది. వంతు వచ్చినా పనిచేసే మనిషి దొరకకపోతే ఆ వంతు దేనికి? ఇరవై ఒకటి నిండిన వికలాంగ సంతానాన్ని తల్లిదండ్రుల వీసా మీదే ఉండనివ్వాలి. జాబితా పేరు కూడా మార్చాలి. వెయిటింగ్ లిస్టు అంటే చాలు.

ఇవన్నీ ఆస్టిన్‌లో, వాషింగ్టన్‌లో జరగాలి. మనం చెయ్యగలిగినవి మన దగ్గరే ఉన్నాయి. మన సంబరాల్లో ఆభరణాల దుకాణాలకీ, రియల్ ఎస్టేటు వాళ్ళకీ చోటుంటుంది. ఈ కాగితాలు తెలుగులో విప్పి చెప్పే ఒక బల్లకి చోటివ్వలేమా? గంటల మోత పడని పిల్లల కోసం ఒక నిశ్శబ్దపు గది ఏర్పాటు చెయ్యలేమా? ఇక సాహిత్యం మాట. నేను చదివినంతలో మన అమెరికా కథల్లో ఊరి మీద బెంగ ఉంది, డాలరు మీద వెటకారం ఉంది, అమ్మానాన్నల ఒంటరితనం ఉంది. బడి బస్సు దగ్గర చెవులు మూసుకుని నిలబడ్డ తెలుగు పిల్లవాడు చాలా అరుదుగా కనిపిస్తాడు. మందబుద్ధి కాని మాట ఒకటి మనకి కావాలంటే, అది నిఘంటువుల వాళ్ళ కంటే కథలు రాసేవాళ్ళ దగ్గరే దొరుకుతుందని నా నమ్మకం.

మావాడు ఇప్పుడు టాబ్లెట్‌లో బొమ్మలు నొక్కి మాట్లాడతాడు. పోయిన నెలలో గుడికి బయల్దేరుతుంటే వచ్చి, 'గంట', 'వద్దు', 'పులిహోర', 'కావాలి' అని నాలుగు బొమ్మలు నొక్కాడు. హారతి అయ్యాక వెళ్ళాం. పార్కింగులో కారు పక్కన కూర్చుని తిన్నాం. దూరంగా ఒక కుర్ర దంపతులు మూడేళ్ళ పిల్లవాణ్ణి గట్టిగా పట్టుకుని నిలబడ్డారు. వాడు కారు చక్రాన్నే చూస్తున్నాడు. నేను లేచి చేతులు తుడుచుకుని వాళ్ళ దగ్గరికి నడిచాను.